ఆవూ దూడా లేని కేలండరు

మా ఆయన మనసుపెట్టి తీసిన ఫోటోల్లో మనుషులు ఉండరు. బందరులో ఫోటో స్టూడియో పెట్టుకుని బతికే మనిషికి ఇదేం గుణమో మీరే ఆలోచించండి. పెళ్లిచూపుల ఫోటోలు, కాలేజీ పిల్లల పాస్‌పోర్టు సైజులు, కోర్టు గుమాస్తాల వీడ్కోలు గ్రూపులు అన్నీ తీసేవారు. కానీ పంటినొప్పితో అన్నం తింటున్నట్టు తీసేవారు. ఆయన ప్రాణమంతా దృశ్యాల మీద ఉండేది. పొలం, కాలువ, మబ్బు, దూరంగా ఒక తాడిచెట్టు. వాటిని చూస్తే మాత్రం ఆయన మొహం పెళ్లికొడుకు మొహంలా అయ్యేది. మా పెళ్లిలో అలా కాలేదు, నేను చూశాను.

దృశ్యాలు తీయడానికి ఆయన దగ్గర మా మావగారి కాలం నాటి పెద్ద పెట్టె కెమెరా ఉండేది. టేకు చెక్కతో చేసింది. ముందు భాగాన్ని లాగితే హార్మోనియం తిత్తిలా సాగుతుంది. మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టి, నల్లగుడ్డ కప్పుకుని, తలకిందులుగా కనబడే బొమ్మని చూస్తూ సరిచేసుకోవాలి. ఒక్కో ఫోటోకి ఒక్కో ఫిల్ము ముక్క, పోస్టుకార్డు కంటే పెద్దది. పెళ్లికి ముందు ఆయన ఆ సరంజామా అంతా అవనిగడ్డ దాకా బస్సు మీద, అక్కణ్ణించి కోడూరు వైపు ఎడ్లబండి మీద వేసుకెళ్లి దివిసీమంతా ఫోటోలు తీశారు. కెమెరా చూడగానే ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చి ఎదురుగా నిలబడేదట. ఈయన నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి "అడ్డు తప్పుకోండి, అడ్డు తప్పుకోండి" అని అరిచేవారట. జనమంతా పక్కకి జరిగాక, ఖాళీ పొలాన్ని తీసుకుని తిరిగొచ్చేవారు.

పెళ్లి మాటలప్పుడు ఆ ఫోటోలు మా నాన్నకి చూపించారు. మాది గుడివాడ. నాన్న ఒక్కొక్కటీ శ్రద్ధగా చూసి, చివరికి నా చెవి దగ్గర, "ఎవరూ లేరేంటే వీటిల్లో? ఊరంతా కలిసి ఎటెళ్లినట్టు?" అన్నారు.

ఆ ఫోటోలు ఒక్కటీ అమ్ముడుపోలేదు. నెగెటివులు ఒక రేకుపెట్టెలో చేరి అటక ఎక్కాయి. ఇంట్లోకి బియ్యం మనుషుల మొహాల వల్ల వచ్చేవి, ఆ మొహాలకి మెరుగు నా వల్ల వచ్చేది. నాకు టచింగు వచ్చు. కళ్లకి శుక్లాలు కమ్మాక అత్తగారు నాకు నేర్పి పెన్సిలు దించారు. నెగెటివు మీద టర్పెంటైను, జిగురు కలిపిన మందు పల్చగా రాసి, సూదిలా చెక్కిన పెన్సిలుతో చిన్న చిన్న చుక్కలు పెట్టాలి. నెగెటివులో తెల్లగా ఉన్నచోట పెన్సిలు పడితే ఫోటోలో అక్కడి నలుపు పోతుంది. మొటిమలు, మశూచి మచ్చలు, కళ్లకింద నీడలు అలాగే పోయేవి. ఆ రోజుల్లో బందరులో కుదిరిన సంబంధాల్లో నా పెన్సిలు పాత్ర ఎంతో పెళ్లిళ్ల పేరయ్యలకి తెలుసు. పెళ్లయ్యాక మొగుళ్లకీ తెలిసే ఉంటుంది.

ఇలా ఉండగా, ఢిల్లీలో ప్రభుత్వం మారిన ఏడాది, దసరా వెళ్లగానే గుడివాడ నుంచి మిల్లు బాబాయిగారు వచ్చారు. బియ్యం మిల్లు యజమాని, మా నాన్న స్నేహితుడు, నాకు వరసకి బాబాయి. ఏటా కొత్త సంవత్సరానికి లక్ష్మీదేవి కేలండరు వేసి ఖాతాదార్లందరికీ పంచుతారు.

"ఈసారి లక్ష్మి వద్దమ్మాయ్. ఎదురు మిల్లువాడూ లక్ష్మే, ఎరువుల కొట్టువాడూ లక్ష్మే. ఏ లక్ష్మి ఎవరిదో జనానికి తెలియటం లేదు. మన సీమ అందం వేద్దామని ఉంది. అల్లుడుగారి దగ్గర ఏవో పొలాల ఫోటోలు ఉండాలి కదా?" అన్నారు.

మా ఆయన వింటూనే అటక మీద ఉన్నారు. ఆ వయసులో, ఆ పంచెతో, నిచ్చెన లేకుండా ఎలా ఎక్కారో నేను చూడలేదు.

పెట్టె తెరిస్తే పులిసిన వాసన వచ్చింది. నెగెటివులు పసుపు తిరిగాయి. కొన్నిటి మీద బూజు పువ్వుల్లా పూసింది. పడుచుతనంలో తొందరపడి, బొమ్మని నిలిపే హైపో మందులోంచి ముందే తీసేశారన్నమాట. సరిగ్గా కడగని నెగెటివు ఎప్పటికైనా ఆ సంగతి బయటపెడుతుంది. అన్నిటినీ మళ్లీ కడగాల్సి వచ్చింది. కొత్త హైపో కలిపి, ఒక్కొక్కటీ ముంచి, నూతినీళ్లు మారుస్తూ ఎన్నోసార్లు జాడించి, దూదితో బూజు తుడిచి, పెరట్లో తాడు కట్టి ఆరవేశాను. పక్కింటావిడ గోడమీంచి చూసి, "ఇవేం బట్టలండీ?" అని అడిగింది. "దివిసీమండీ" అన్నాను.

ఆరాక అచ్చు వేసి చూశాం. నిజం చెప్పొద్దూ, బాగున్నాయి. అన్నిట్లోకీ ఒకటి నన్ను పట్టుకుంది. కాలువగట్టు, పక్కనే చేను, గట్టు మీద ఒక నల్లావు, దాని పొట్టకి ఆనుకుని దూడ. ఆవు మెడలోంచి పలుపుతాడు ఫోటో అంచు దాకా వెళ్లింది. ఆ అంచున ఎవరివో నాలుగు వేళ్లు.

"ఈ ఆవు ఎలా మిగిలిపోయింది మీ చేతుల్లో?" అని అడిగాను.

"తప్పించమనే అరిచాను. వాడెవడో మొండిఘటం. తను పక్కకి తప్పుకున్నాడు గానీ ఆవుని లాగలేదు. దూడ పాలు తాగుతోందట," అన్నారు విసుగ్గా.

బాబాయిగారు ఆ ఫోటో చూసి, "ఆహా! ఇదీ దివిసీమంటే!" అని జేబులో పెట్టుకుని గుడివాడ బస్సెక్కారు. మర్నాడు మొదటి బస్సుకే వెనక్కొచ్చారు. మొహంలో నెత్తురు లేదు.

"అమ్మాయ్, ఇందులో ఆవుంది."

"ఉంది బాబాయిగారూ."

"దాని పక్కన దూడుంది."

"ఆవు పక్కన దూడే కదండీ ఉండేది."

"లోకంలో ఉండొచ్చమ్మా. నా కేలండరులో ఉండకూడదు. ఆవూ దూడా అంటే ఏమిటి? ఎన్నికల గుర్తు! ఢిల్లీలో ఆ ఆవు ఓడిపోయింది. నాకు రైలు వ్యాగన్లు ఇవ్వాల్సింది ఢిల్లీ."

"అయితే ఆవుని ఓడించినవాళ్ల గుర్తే వేసుకోండి," అని మా ఆయన దుక్కిలో నిలబెట్టిన నాగలి ఫోటో పెట్టెలోంచి తీశారు.

బాబాయిగారు నాగలిని చూసి అదిరిపడ్డారు. "వద్దు బాబూ! హైదరాబాదులో ఇంకా ఆవే గెలిచి కూర్చుంది. సర్కారుకి కట్టే లెవీ బియ్యం తూచేది హైదరాబాదు."

మూడో ఫోటోలో బరువుగా వంగిన వరికంకులు, గట్టున ఆనించిన కొడవలి. అవి చూస్తే మిల్లులో బస్తాలు మోసేవాళ్లంతా యజమాని కూడా కామ్రేడు అయ్యాడనుకుని కూలి పెంచమంటారట. నాలుగో దాంట్లో పడవ. మునిసిపల్ ఎన్నికల్లో ఆయన బావమరిదిని ఓడించిన స్వతంత్ర అభ్యర్థి గుర్తు పడవ. బాబాయిగారికి రాజకీయాలంటే భయమే తప్ప ఇష్టం లేదు. కానీ మన పల్లెటూళ్లలో ఉన్న ప్రతి వస్తువునీ ఏదో ఒక పార్టీ ముందే తీసుకెళ్లిపోయింది. నాగలి లేకుండా, పశువు లేకుండా, కంకి లేకుండా పొలం కావాలి ఆయనకి. అదీ ధాన్యం వ్యాపారికి.

చివరికి మొదటి ఫోటోకే వచ్చి ఆగారు. "అమ్మాయ్, నువ్వు పెళ్లికూతుళ్ల మొహాన మచ్చలు తీసేస్తావట. ఈ ఆవుని తీసెయ్యలేవూ?"

మా ఆయన లేచి నిలబడ్డారు. "ఆ దృశ్యానికి ప్రాణం ఆవండీ!" అన్నారు. ఆ ప్రాణాన్ని అవతలికి తోలమని అప్పుడు అరిచింది తనేనని గుర్తు చేద్దామనుకున్నాను గానీ, బాబాయిగారి ఎదురుగా బాగుండదని ఊరుకున్నాను.

నల్లావు కాబట్టి నెగెటివులో తెల్లగా, గాజు ఆవులా ఉంది. కిటికీ వెలుగులో డెస్కు పెట్టుకుని చుక్క చుక్కగా నింపాను. ఆవు పోయింది, దూడ పోయింది. తాడు ఒక్కటీ గాలిలో వేలాడుతుంటే దాన్నీ తీసేశాను. తాడు పట్టుకున్న వేళ్లు మిగిలాయి. తాడు లేకుండా వేళ్లు ఎందుకని వాటిమీద కూడా పెన్సిలు పెట్టాను. ఇక ఫోటోలో గట్టు, నీళ్లు, ఆకాశం, దూరాన తాడిచెట్టు ఉన్నాయి.

బాబాయిగారు దాన్ని దగ్గరగా, దూరంగా, తలకిందులుగా పెట్టి చూశారు. "ఇప్పుడు బాగుంది. ఇది ఏ పార్టీదీ కాదు," అన్నారు.

బెజవాడలో అచ్చుకి బ్లాకు తయారైంది. దీపావళి నాటికి కేలండర్లు అచ్చయి, కట్టలు గుడివాడ మిల్లులో చేరాయి.

కార్తీకంలో ఉప్పెన వచ్చింది.

బందరులో మా వీధి గాలికి ఏమైందో, స్టూడియో కప్పు ఎలా లేచిపోయిందో, నీళ్లు ఎంతదాకా వచ్చాయో చెప్పడానికి నాకు సిగ్గేస్తుంది. ఎందుకంటే మేము బతికి ఉన్నాం. దివిసీమ నుంచి వచ్చినవాళ్లు చెప్పినవి విన్నాక మా వీధిలో ఎవరూ తమ ఇంటి పెంకుల గురించి మాట్లాడలేదు. మా ఆయన అన్నం దగ్గర కూర్చుని ఊళ్ల పేర్లు అడిగేవారు. ఫలానా ఊరు ఉందా, ఫలానా ఊరు ఉందా అని. ఆయన ఖాళీ చేయించి ఫోటోలు తీసిన ఊళ్లవి.

వానకి అటక తడిసి నెగెటివులు కవర్లకి అంటుకుపోయాయి. లాగితే చిరుగుతాయి. తొట్టెలో నీళ్లుపోసి నానబెట్టి, ఒక్కొక్కటీ విడదీసి, మళ్లీ కడిగి, మళ్లీ తాడు మీద వేశాను. ఈసారి పక్కింటావిడ ఏమీ అడగలేదు.

కొత్త సంవత్సరం వచ్చింది. గుడివాడలో కేలండర్లు పంచారు. అప్పుడు జరిగింది ఎవరమూ ఊహించలేదు. కేలండరు విప్పినవాళ్లు విప్పినట్టే నిలబడిపోయారట. మనిషి లేడు, పశువు లేదు, నీళ్లూ ఆకాశమూ ఒక తాడిచెట్టూ. అది ఉప్పెన తర్వాతి దివిసీమ అని అందరూ అనుకున్నారు. వ్యాపారమంటే లాభమే చూసుకోకుండా ఇంతటి దుఃఖాన్ని గోడకి తగిలించిన మిల్లు యజమానిని ఊరంతా మెచ్చుకుంది. సహాయనిధి సభలో దండ వేశారు. బాబాయిగారు మైకు ముందు కంటతడి పెట్టి, "నా గుండె ఊరుకోలేదండీ, అందుకే వేయించాను," అన్నారట. సభలో ఉన్న మా నాన్న చెప్పారు. ఆ కన్నీళ్లు నిజమైనవేనట. చప్పట్లు విన్నాక ఆయన నిజంగానే నమ్మేశారట.

ఒక విలేకరి మా స్టూడియోకి కూడా వచ్చాడు. "అంత ప్రమాదంలో మీరు అక్కడిదాకా ఎలా వెళ్లగలిగారండీ?" అని మా ఆయన్ని అడిగాడు.

"ఎండలోనే వెళ్లానండీ. ఎడ్లబండి మీద. పెళ్లికి ముందు."

విలేకరి కలం ఆపాడు. "అబ్బే, ఆ సంగతి ఎందుకులెండి," అని ఒక గ్లాసు మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే స్టూడియోలో ఉండగా ఒకామె వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. ఎవరో పంచిన చీర, ఆమె ఎత్తుకి పొట్టిది. చంకలో చుట్టిన కాగితం. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి దాన్ని విప్పింది. బాబాయిగారి కేలండరు. అవనిగడ్డలో బియ్యం ఇచ్చేచోట గోడకి ఉంటే అడిగి తెచ్చుకుందట. కింద చిన్న అక్షరాల్లో మా స్టూడియో పేరు ఉంది.

"ఇది మీరు తీసిందేనాండి?"

"మా వారు తీశారమ్మా. లోపలికి రా."

ఆమె రాలేదు. గట్టు మీద వేలు పెట్టింది. "ఇది మా చేనిగట్టండి. ఆ తాడిచెట్టు మా పెదమావగారిది. మరి మా ఆవేదండి?"

నా చేతిలో ఉన్న పెన్సిలు డెస్కు మీద పెట్టేశాను.

"మా ఆవు ఇక్కడే ఉందండి. నేను కాపరానికొచ్చిన కొత్త. నల్లగుడ్డ కప్పుకున్నాయన తప్పుకోమని కేకలేశాడండి. దూడ తాగతంది, ఇప్పుడు లాగితే పాలు ఎగేసి ఇక చేపదని మా ఇంటాయన వినలేదు. నేను గట్టు కిందనే ఉన్నానండి. బొమ్మలో మా ఆవు ఉండాల."

"ఆవు ఇప్పుడు..." అన్నాను.

"పోయిందండి. ఆవూ పోయింది, ఈయనా పోయాడు." ఆమె ఎటో చూస్తూ చెప్పింది. "ఆవుకోసం కాదండి. తాడు ఈయన చేతిలో ఉంది. ఆవు ఉంటే చెయ్యి కూడా ఉంటదని. ఆయన ఇంకెక్కడా ఫోటో తీయించుకోలేదండి."

నేను ఆమెని చెయ్యి పట్టి లోపలికి తీసుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టాను. నెగెటివు తీసి, దూదిని టర్పెంటైనులో ముంచి, అంచు దగ్గర మొదలుపెట్టాను. వేసేటప్పుడు పూటలు పట్టిన పెన్సిలు తుడిచేటప్పుడు క్షణాల్లో వచ్చేసింది. అంతలో మా ఆయన భోజనం చేసి వచ్చారు. ఆమె లేచి నిలబడి చూసి, "మీరేగదండి!" అంది. ఆయనకి నేను రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన చొక్కా కూడా విప్పకుండా చీకటిగదిలోకి నడిచారు.

ఆమెని కూడా లోపలికి రానిచ్చాం. ఎర్రదీపం వెలుగులో ట్రేలో కాగితం వేశాం. నల్లనివి ముందు పైకొస్తాయి కాబట్టి మొదట ఆవే వచ్చింది. వీపు, తల, నాలుగు కాళ్లు. తర్వాత దూడ, తర్వాత తాడు. ఆమె ట్రే మీదకి వంగింది. తాడు పొడుగునా ఆమె కళ్లు వెళ్లడం నాకు కనబడుతోంది. అంచు దగ్గర వేళ్లు తేలాయి.

"అదేనండి," అంది.

మా ఆయన ఆ నెగెటివుని భూతద్దం కింద చాలాసేపు చూశారు. అంత పెద్ద నెగెటివు పట్టే ఎన్‌లార్జరు మా దగ్గర లేదు. రెండో రోజు కిటికీకి అట్ట కొట్టి, అట్టలో సందు కోసి, ఆ సందులో నెగెటివు బిగించి, ఆ పాత కెమెరానే వెనక్కి తిప్పి, దానిలోంచి వెలుగు పంపించి గోడ మీద పెద్దది చేశారు. నేను కాగితం పట్టుకున్నాను. చెయ్యి ఒక్కటే, అరచెయ్యంత. వేళ్ల కణుపులు, గోళ్లలో మట్టి, తాడు మెలికలు అన్నీ తేలాయి. చిటికెనవేలు వంకరగా ఉంది. కొడవలికి తెగిన వేలని ఆమె తర్వాత చెప్పింది. ఆ కెమెరాని మావగారు ఎందుకు కొన్నారో, అంత బరువు ఎందుకు మోశారో నాకు ఆ రోజు అర్థమైంది. మా ఆయనకి కూడా అర్థమైందనుకుంటాను. ఎప్పటిలా వెలుగునీడల మీద ఉపన్యాసం ఇవ్వలేదు.

రెండు ఫోటోలూ తాడు మీద ఆరుతుండగా బాబాయిగారు దిగారు. కేలండరుకి గిరాకీ పెరిగింది, ఇంకో కట్ట వేయించాలని వచ్చారు. అప్పటికి అసెంబ్లీ ఎన్నికలు ముంచుకొచ్చాయి. ఆవూదూడా పార్టీ రెండుగా చీలింది. ఒకరికి ఆవూ దూడా మిగిలింది, రెండోవారికి కొత్తగా హస్తం గుర్తు వచ్చింది. బందరు గోడల నిండా ఎక్కడ చూసినా అరచేతులే.

బాబాయిగారు ఫోటో దగ్గరికి వెళ్లి ఆవుని చూశారు, తాడుని చూశారు, చేతిని చూశారు. గుండె పట్టుకున్నారు.

"అమ్మాయ్! కొట్టుకు చస్తున్న ఇద్దర్నీ ఒక్క తాడుకి కట్టేశావేంటమ్మా! ఇది నా కేలండరులోని గట్టేనని ఎవరైనా పోల్చుకుంటే? రెండు వైపులా చెడతాను. తీసెయ్యి, ముందు తీసెయ్యి!"

ఎప్పుడూ చివరికి ఆయన మాటకే తల ఊపే మా ఆయన ఈసారి ఊపలేదు. "అది గుర్తు కాదండీ. ఒకాయన చెయ్యి," అన్నారు.

"ఎవరాయన?"

చెప్పాం. బాబాయిగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఫోటోకి మరీ దగ్గరగా వెళ్లి, వంకరవేలు చూస్తూ కాసేపు నిలబడ్డారు. మైకు లేదు, దండ లేదు. ఆ నాలుగు నిమిషాలూ నాకు ఆయన మీద గౌరవం కలిగింది. తర్వాత గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "పాపం, ఆవిడకి ఇవ్వండమ్మా. కాకపోతే ఎన్నికలయ్యేదాకా మన కిటికీలో మాత్రం పెట్టకండి," అన్నారు.

ఆమె వచ్చి రెండు ఫోటోలూ తీసుకెళ్లింది. ఎన్నికలయ్యాక మళ్లీ వచ్చినప్పుడు చెప్పింది. గుడిసెలో దడికి తగిలిస్తే ఓట్ల కోసం వచ్చిన ఒక పార్టీవాళ్లు ఆవుని చూసి, "అమ్మ మనమనిషే!" అని సంతోషించారట. సాయంత్రం ఇంకో పార్టీవాళ్లు వచ్చి చేతిని చూసి అదే మాట అన్నారట.

"మరి నువ్వేమన్నావు?" అని అడిగాను.

"ఇద్దరికీ అవునన్నానండి. పాపం, ఎండనపడి వచ్చారు."

ఆమె ఆ రోజు వచ్చింది వాళ్ల ఊరివాళ్ల తరఫున. మిగిలినవాళ్లకి కూడా ఫోటోలు కావాలట. పాతవాటిలో వాళ్ల మనుషులెవరూ లేరని నేను చెప్పకముందే మా ఆయన పెట్టె కెమెరా కిందికి దించి చెక్కని నూనెగుడ్డతో తుడుస్తున్నారు. మర్నాడు నేను కూడా వెళ్లాను. అవనిగడ్డ దాకా బస్సు, అక్కణ్ణించి సహాయసామాను లారీ.

ఆమె చేనిగట్టు మీదే కెమెరా నిలబెట్టారు. ఉప్పు తేలిన నేల, కొత్త గుడిసెలు, వెనకాల నీలంగా ఆకాశం. ఆయన నల్లగుడ్డలో దూరేసరికి జనం వచ్చేశారు. పిల్లలు, ముసలివాళ్లు, తడిచేతులు చీరకి తుడుచుకుంటూ ఆడవాళ్లు, ఒక గొర్రెపోతు. అందరూ ఎదురుగా చిక్కగా నిలబడ్డారు. వెనక పొలం లేదు, గుడిసెలు లేవు, ఆకాశం కూడా సన్నటి చారయింది. ఆయన నల్లగుడ్డలోంచి తల బయటపెట్టారు. అలవాటుకొద్దీ నోరు తెరిచారు.

ముందు వరసలో ఉన్న ముసలాయన అడిగాడు, "జరగమంటారాండి?"

"వద్దు, వద్దు," అన్నారు మా ఆయన. "కాస్త దగ్గరకి రండి. ఆ చివరామె పట్టడం లేదు."